గద్దసింహం మెడ

నేను ఒక కుంచెను. అంగట్లో కట్టలుగా దొరికే రకాన్ని కాదు. ధవళేశ్వరంలో చెక్కబొమ్మలు చేసే బ్రహ్మయ్యాచారి ఒక మధ్యాహ్నం పెరట్లో కూర్చుని నన్ను తన చేతులతో చేశాడు. కొబ్బరిచెట్టు మొదట్లో పిల్లి కరిచి వదిలేసిన ఉడత కనపడితే, అయ్యో అనుకుని దాని పక్కనే చతికిలబడి కాసేపు బాధపడ్డాడు. బాధపడుతూనే దాని తోక ఎంత ఒత్తుగా ఉందో గమనించాడు. పనివాళ్ల జాలి ఇలాగే ఉంటుంది, వట్టినే పోదు. ఆ వెంట్రుకల్ని ఒక్కొక్కటే ఏరి, కొసలన్నీ ఒకచోటికి వచ్చేలా సర్ది, పట్టుదారంతో బిగించాడు. పావురం ఈక కాడ ఒకటి నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డాక దాన్లోంచి ఆ కట్టను లాగాడు. కాడ ఆరి బిగుసుకుంది. వెనక సన్నటి వెదురుపుల్ల దూర్చాడు. ఆ విధంగా ఉడత ఒళ్లూ పావురం నడుమూ వెదురు కాలూ ఉన్న ప్రాణిగా నేను పుట్టాను. అలాంటి ప్రాణులకు రంగులు వెయ్యడమే నా బతుకైంది.

బ్రహ్మయ్యాచారికి ఇద్దరు పిల్లలు. పెద్దది త్రిపురాంబ. చాలా ఏళ్ల తరువాత పుట్టినవాడు మౌనేశ్వరుడు. వాడు పాకుతూ ఉండగానే తల్లి పోతే త్రిపురాంబే వాణ్ణి చంకనేసుకు తిప్పింది. తల దువ్వింది, అన్నం కలిపి పెట్టింది, వాడి అల్లరికి తను తిట్లు తింది. పేరు మౌనేశ్వరుడే గానీ వాడి నోరు నిద్దట్లో కూడా ఊరుకునేది కాదు. పేర్లు పెట్టేటప్పుడు మనుషులు పిల్లల్ని చూసి పెట్టరు, దేవుళ్లను చూసి పెడతారు.

తండ్రి ఇద్దరికీ పని నేర్పాడు, కానీ ఒకే పని నేర్పలేదు. త్రిపురాంబకు ఈకల పని అబ్బింది. పెరట్లో తిరిగే కోడిపెట్టను పట్టుకొచ్చి ఆమె ఒళ్లో పెట్టి, "గీయకు. ముందు నిమురు" అన్నాడు. నిమిరితే ఆమె వేళ్లకు తెలిసింది. ఈకలు పెంకుటింటి కప్పు లాంటివి. పైనున్నది కిందున్నదాన్ని కప్పుతుంది, అందుకే వాన నీరు లోపలికి దిగదు. కనుక తోక దగ్గర మొదలుపెట్టి తల వైపుకు ఎక్కుతూ వెయ్యాలి. ముక్కు దగ్గర నువ్వుగింజంత, మెడ మీద చింతగింజంత, రెక్క చివరకొచ్చేసరికి జానెడు. అన్నీ ఒకే తీరున వేస్తే చేపపొలుసు అవుతుంది, కాబట్టి అక్కడక్కడా ఒకటి పక్కకు తొలగాలి, ఒకటి చీలాలి. "ఈక వెయ్యడానికి తాపత్రయపడకమ్మా. ఈక కింద చీకటి వెయ్యి. ఈక దానంతటదే లేస్తది" అనేవాడు బ్రహ్మయ్యాచారి.

మౌనేశ్వరుడికి బొచ్చు అబ్బింది. వీధికుక్కలన్నీ వాడి స్నేహితులే. తండ్రి వాడికి చెప్పింది వేరే. "వెంట్రుకలు గీసుకుంటా కూర్చుంటే తెల్లారిపోద్ది. బొచ్చు కింద ఒళ్లుంది, ఒంటి కింద ఎముకుంది. ముందు అది తెలుసుకో. బొచ్చంటే దాని మీంచి పారే నీళ్లు." నీళ్లలాగే బొచ్చు ముక్కు దగ్గర బయలుదేరి వెనక్కు పారుతుంది, భుజం దగ్గర మలుపు తిరుగుతుంది, రొమ్ము మీద సుడి తిరుగుతుంది. నన్ను అరచేతి మీద నొక్కి, నా కొసను నాలుగైదు పాయలుగా విడదీసి, తడి తక్కువ రంగులో ముంచి లాగమనేవాడు. ఒక్క లాగుతో కుచ్చు మొత్తం వచ్చేసేది.

ఆ రోజుల్లోనే నూకరాజు అనే ఆయన తన రంగులరాట్నం కోసం కొత్త బొమ్మ ఒకటి చెయ్యమని వచ్చాడు. తిరునాళ్ల తీర్థం ఎక్కడ జరిగితే అక్కడికి రాట్నాన్ని ఎడ్లబండ్ల మీద తీసుకుపోయేవాడు. "గుర్రాలన్నీ ఒకేలాగున్నాయండి ఆచారిగారూ. పిల్లలు కొట్టుకు చావాలి, అలాంటిదొకటి చెయ్యండి" అన్నాడు. బ్రహ్మయ్యాచారి గద్ద తలా రెక్కలూ, సింహం ఒళ్లూ తోకా కలిపి ఒక ప్రాణిని చెక్కాడు. రెక్కలకు త్రిపురాంబ రంగులు వేసింది. ఒంటికి, అప్పటికింకా మీసాలు రాని మౌనేశ్వరుడు వేశాడు. ఈకలు అయిపోయి బొచ్చు మొదలయ్యే మెడ దగ్గర మాత్రం ఆయన ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. పిల్లలిద్దరూ భోజనానికి లోపలికెళ్లి వచ్చేసరికి మెడ పూర్తయిపోయి ఉంది. ఎలా చేశాడో వాళ్లు అడగలేదు. తండ్రి ఎప్పటికీ ఉంటాడనుకునే వయసులో ఎవరూ అడగరు.

జనం దానికి గద్దసింహం అని పేరు పెట్టారు. నూకరాజు కోరినట్టే పిల్లలు దాని కోసం కొట్టుకున్నారు.

బ్రహ్మయ్యాచారి పోయాక త్రిపురాంబ ఆ ఇంట్లోనే ఉండి పని సాగించింది. ఆమె భర్త కోటయ్యాచారి నెమ్మదైన మనిషి. ఉలి ఆయనది, రంగు ఆవిడది. నన్ను ఆమె ఎప్పుడూ కొప్పులో గుచ్చుకునేది. అందువల్ల ఇంట్లో జరిగినదీ, ఊళ్లో జరిగినదీ చాలావరకు నేను కాస్త ఎత్తు నుంచి చూశాను.

మౌనేశ్వరుడు ఊళ్లోనే ఒక షెడ్డులో లారీలకు బొమ్మలు వేసే పనిలో చేరాడు. వాడు వేసిన మొదటి బొమ్మ, లారీ వెనక తలుపు మీద పులి. షెడ్డులో అందరూ మెచ్చుకున్నారని పొంగిపోయి అక్కను వెంటబెట్టుకుని తీసుకెళ్లాడు. లారీ యజమాని, డ్రైవర్లు, పక్క కొట్టువాళ్లు చుట్టూ నిలబడ్డారు. త్రిపురాంబ పులిని కిందినుంచి పైకి చూసింది. తొందరలో వాడు తండ్రి చెప్పింది మరిచిపోయి, వెంట్రుక వెంట్రుకా నిలబెట్టి గీసేశాడు. ఆమె నవ్వేసింది.

"బొచ్చు రాలేదురా మౌనేశూ, గడ్డి మొలిచింది. గేదె చూసిందంటే మేసేస్తది" అంది.

జనం ఘొల్లుమన్నారు. లారీ యజమాని కడుపు పట్టుకుని నవ్వాడు. ఇంట్లో తండ్రి అలాంటి మాటలు ఎన్నో అనేవాడు. ఆమె కూడా ఆ అలవాటుతోనే అంది. అయితే అది ఇల్లు కాదు. వారం తిరిగేసరికి ఊరంతా వాడికి గడ్డిపులి అని పేరు పెట్టింది. పాలవాడు గడ్డిపులిగారూ అన్నాడు. పెళ్లిచూపులకు వెళ్తే అవతలివాళ్ల చిన్నపిల్ల "గడ్డిపులి వచ్చేడు" అని లోపలికి పరిగెత్తింది. వాడు బట్టలు సర్దుకుని రాజమండ్రి అవతల హైవే పక్కన లారీ బాడీలు కట్టే షెడ్డుకు మారిపోయాడు. ఆ తరువాత బంధువుల ఇళ్లల్లో అక్కాతమ్ముళ్లు ఎదురుపడినా వాడు భోజనం చేసి లేచిపోయేవాడు. ఏమైనా చెప్పాల్సి వస్తే "బావగారికి చెప్పండి" అనేవాడు. వాడి పేరుకు తగ్గ గుణం అప్పుడొచ్చింది.

త్రిపురాంబ కూడా వాడి కోసం వెళ్లలేదు. "చిన్నవాడు, వాడే వస్తాడు" అనేది. అలా అనుకుంటూ చాలా ఏళ్లు గడిపింది. పండక్కి అరిసెలు వండినప్పుడు వాడి వాటా అని ఒక డబ్బాలో తీసి ఉంచేది. అవి గట్టిపడిపోయాక కోళ్లకు వేసేది. మనుషుల పంతం సంగతి నాకు ఎప్పటికీ అర్థం కాదు గానీ, కోళ్లు మాత్రం ఆ పంతం వల్ల బాగుపడ్డాయి.

ఇలా ఉండగా ఒక ఏడు గోదావరికి పెద్ద వరద వచ్చింది. గట్టు దిగువన నూకరాజు రాట్నం దాచుకునే పాక కొట్టుకుపోయింది. గుర్రాలు అక్కడక్కడే బురదలో దొరికాయి. గద్దసింహం దొరకలేదు. నీళ్లు తగ్గాక నూకరాజు పడవ మాట్లాడుకుని నది మధ్య లంకలన్నీ వెతికాడు. చివరకు ఒక లంకలో అరటితోట పక్కన కనపడింది. అక్కడివాళ్లు దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, పైన తాటాకు పందిరి వేసి, కొబ్బరికాయలు కొడుతున్నారు. నూకరాజు తనదన్నా వాళ్లు ఒప్పుకోలేదు.

"గోదారమ్మ ఇచ్చిన దేవుణ్ణి మీకెలా ఇచ్చేస్తామండి?" అన్నారు.

"దేవుడు కాదండి బాబూ. దీనిమీద పిల్లలెక్కి తిరుగుతారండి."

"మరి మా పిల్లల్ని ఎక్కిస్తారా?"

ఎక్కిస్తానని నూకరాజు పసుపు మీద చెయ్యి వేసి మాట ఇచ్చాక, వాళ్లు దాన్ని మేళంతో పడవ ఎక్కించి పంపారు.

అలా అది మళ్లీ త్రిపురాంబ వాకిట్లోకి వచ్చింది. ఒక రెక్క విరిగింది, రంగు మొత్తం పోయింది. తండ్రి వేసిన మెడ దగ్గర చెక్క తెల్లగా బయటపడింది. త్రిపురాంబ చాలాసేపు దాని మెడ తడుముతూ కూర్చుంది. మాఘమాసం తీర్థాలకల్లా సిద్ధం కావాలని నూకరాజు బతిమాలాడు. పక్క ఊరివాళ్లు కరెంటుతో తిరిగే రాట్నం తెచ్చారట. "గద్దసింహం లేకపోతే నా దగ్గరికెవరొస్తారమ్మా" అన్నాడు.

కోటయ్యాచారి కొత్త రెక్క చెక్కి అతికించాడు. సుద్దపూత ఆరాక త్రిపురాంబ నన్ను కొప్పులోంచి తీసింది. ఈకల పనిలో ఆమె చేతిలో నేను హాయిగా సాగాను. రెక్కల కొసల నుంచి వరసలు పేర్చుకుంటూ, కింద చీకటి నింపుకుంటూ వెళ్లి, తల కూడా వేసి, మెడ మాత్రం చివరకు ఉంచాం. పూర్తయిన రోజు పెరట్లో పుంజు వచ్చి దాన్ని చూసి మెడ నిక్కించింది. అంతకంటే మెప్పు నాకు అక్కర్లేదు.

ఆ తరువాత ఒళ్లు. బొచ్చు ఆమె ఎప్పుడూ వెయ్యలేదు. తమ్ముడు వేస్తుండగా చూసింది, అంతే. చూసింది వచ్చినట్టే అనుకోవడం మనుషులకు అలవాటు. ఆమె చెయ్యి ఈకలకు అలవాటు పడ్డ చెయ్యి. బొచ్చును కూడా వరసలుగానే వేసింది. నన్ను నిలబెట్టి, కొస సన్నగా చేసి, ఒక్కో వెంట్రుకనూ శ్రద్ధగా లాగింది. పని ముగిశాక వెనక్కు జరిగి నిలబడి చూసింది. అలా చూస్తూనే ఉండిపోయింది.

కోటయ్యాచారి మజ్జిగ గ్లాసు తెచ్చి పక్కన నిలబడ్డాడు. ఆయన కూడా చూశాడు. ఏమీ అనలేదు. ఆ ఇంట్లో ఏమీ అనకపోవడమే ఆయన వంతు.

"చెప్పండి" అంది త్రిపురాంబ.

"బానే ఉంది."

"గరిక చేనులా ఉంది."

ఆయన "మీ నాన్న మీకిద్దరికీ చెరో సగం నేర్పి పోయేడు" అని గ్లాసు ఆమె చేతిలో పెట్టి లోపలికి వెళ్లాడు.

నూకరాజు వచ్చి చూసి అద్భుతం అన్నాడు. "పిల్లలకేం తెలుస్తదమ్మా" అని కూడా అన్నాడు. పిల్లలకు తెలియదనే అనుకుందాం. ఆమెకు తెలుసు కదా. రెండు రోజులు ఆమె అన్నం సరిగా తినలేదు. మూడోనాడు పొద్దున్నే తలస్నానం చేసి, నన్ను కొప్పులో గుచ్చుకుని, రాజమండ్రి బస్సెక్కింది.

షెడ్డులో లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. రంపాల మోత, వెల్డింగు పొగ. మౌనేశ్వరుడు బల్ల మీద నిలబడి ఒక లారీ పక్కపలక మీద సింహం వేస్తున్నాడు. జుట్టు పక్కల నెరిసింది. ఆ సింహాన్ని చూడగానే నా వెంట్రుకలు జలదరించాయి. జూలు గాలికి కదులుతున్నట్టుంది, భుజం కింద ఎముక నడుస్తున్నట్టుంది. పనివాళ్లు పని ఆపి ఈవిడెవరా అని చూశారు. వాడు వెనక్కు తిరిగి చూసి, మళ్లీ పలక వైపు తిరిగిపోయాడు.

పక్కకు పిలిచి మాట్లాడవచ్చు. ఆమె పిలవలేదు. అంతమంది మధ్యా గొంతు పెంచి చెప్పింది.

"నాన్న సింహం నా దగ్గరికొచ్చింది మౌనేశూ. ఒళ్లు నేనే వేసేను. గడ్డి మొలిచింది. అచ్చం గడ్డే. గేదెలొస్తాయని భయంగా ఉంది."

ఎవరూ నవ్వలేదు. వాళ్లకు సంగతి తెలియదు. తెలిసినవాడు బల్ల మీద ఉన్నాడు, వాడి చేతిలో కుంచె మాత్రం కదలడం మానేసింది. ఆమె కాసేపు చూసింది. కొప్పులోంచి నన్ను తీసి వాడి రంగు డబ్బా మూత మీద పెట్టి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. నన్ను వదిలేసి వెళ్లడం అదే మొదటిసారి. ఆ ఎనామిల్ రంగుల వాసనలో నాకు ఊపిరాడలేదు.

"ఎవరండీ ఆవిడ?" అని ఒక వడ్రంగి అడిగాడు.

"మా అక్క" అన్నాడు మౌనేశ్వరుడు.

ఆ మాట వాడి నోట చాలా ఏళ్ల తరువాత వచ్చిందని వడ్రంగికి తెలియదు. వాడు నన్ను తీసి వేళ్ల మధ్య తిప్పాడు. కిరసనాయిల్లో ముంచుతాడేమోనని వణికాను. ముంచలేదు. కుంకుడురసంతో కడిగి, కొస సరిచేసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున వాడు ధవళేశ్వరం వచ్చాడు. "రండి, రండి" అని కోటయ్యాచారి కంగారుపడి కుర్చీ వేశాడు. వాడు కూర్చోలేదు. గద్దసింహం చుట్టూ ఒకసారి తిరిగాడు. రెక్కల దగ్గర ఆగి, ఒక ఈక అంచు మీద వేలు పెట్టి చూశాడు. ఒంటి దగ్గరకొచ్చాక తడిగుడ్డ తీసుకుని ఆమె వేసిన బొచ్చంతా తుడిచేశాడు. అడగలేదు. త్రిపురాంబ గుమ్మంలో నిలబడి చూసింది. అన్ని రోజుల పని గుడ్డలోకి ఎక్కిపోతుంటే ఒక్క మాట అనలేదు. ఆ రోజు ఆమె చేసిన పనుల్లో కష్టమైనది అదేనని నేను చెప్పగలను.

వాడు బొగ్గు తీసుకుని చెక్క మీద ఎముకలు గీసుకున్నాడు. భుజం, డొక్క, తొడ. ముందు ముదురు రంగు పూసి, దాని మీద మధ్యరంగు కుచ్చులు కుచ్చులుగా లాగాడు. మధ్యాహ్నం అయ్యింది. ఎండ వాకిట్లోకి వచ్చింది. వాడు నన్ను నీళ్లలో పెట్టి, తల ఎత్తకుండానే అన్నాడు.

"ఆకలేస్తంది."

త్రిపురాంబ లోపలికి వెళ్లి అన్నం కలిపి తెచ్చింది. కంచంలో వడ్డించలేదు, చిన్నప్పటిలా పెరుగన్నం కలిపి గిన్నెతోనే తెచ్చింది. వాడు గోడకు చేరగిలబడి తిన్నాడు. నంజుకోవడానికి మాగాయ టెంక ఒకటి ఉంది. అది చప్పరించడం అయ్యేసరికి వాడికి పాత నోరు వచ్చేసింది. షెడ్డు సంగతులు, లారీ యజమానుల పిచ్చి కోరికలు, ఒకాయన పులికి తన మీసాలు పెట్టమన్న సంగతి, అన్నీ సాయంత్రం దాకా చెబుతూనే పని చేశాడు. కోటయ్యాచారి నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

ఒళ్లు పూర్తయింది. రెక్కలు ముందే పూర్తయ్యాయి. మధ్యలో మెడ మిగిలింది.

అక్కడ ఇద్దరికీ చిక్కొచ్చింది. "ఇక్కడిదాకా ఈకలే" అని ఆమె గీత పెట్టింది. "ఇక్కణ్ణించి బొచ్చు" అని వాడు గీత దగ్గర అందుకున్నాడు. పూర్తయ్యాక చూస్తే సింహం గద్ద ముసుగు వేసుకున్నట్టుంది. తుడిచేశారు. మధ్యలో కాస్త ఖాళీ వదిలి చూశారు. మెడకు ఏదో జబ్బు చేసి ఊడిపోయినట్టుంది. మళ్లీ తుడిచేశారు. ఈసారి వాడు బొచ్చును ఈకల మీదికి తెచ్చాడు. "గద్దకి గడ్డం మొలిపించేవు" అంది ఆమె. అన్నాక నాలుక కరుచుకుంది. వాడు నవ్వాడు.

"ఆ రోజు ఆ మాట ఇంటికొచ్చేక చెప్పాల్సిందిరా" అంది త్రిపురాంబ, చేతిలో తడిగుడ్డను మడతపెడుతూ.

"ఇంటికొచ్చి చెప్పినా ఏడ్చేవాణ్ణే అక్కా" అన్నాడు వాడు. "కానీ ఇంట్లో ఏడ్చేవాణ్ణి."

ఆమె చీరకొంగుతో ముఖం తుడుచుకుని, గిన్నెలు కడగాలని లేచి పెరట్లోకి వెళ్లింది. గిన్నెలు కడిగిన చప్పుడు రాలేదు. చాలాసేపటికి తిరిగొచ్చింది, చేతిలో ఒక కోడిపిల్ల. పిల్లతనం పోయి పెట్టతనం ఇంకా రాని వయసు దానిది. సగం నూగు, సగం ఈకలు. చూడ్డానికి అందంగా ఉండదు. ఆమె దాన్ని తమ్ముడి ఒళ్లో పెట్టింది.

"నిమురు" అంది.

వాడు నిమిరాడు. ఇద్దరూ తలలు దగ్గరపెట్టి దాన్ని చూశారు. ఈకలు ఒక గీత దగ్గర ఆగిపోలేదు. మెడ కిందికి వచ్చేకొద్దీ వాటి నడిమి కాడ పలచబడింది, అంచులు చీలాయి, ఒక్కొక్కటీ పోగులు పోగులుగా విడిపోయి నూగులో కలిసిపోయింది. నూగు కూడా అక్కడ మొదలవలేదు. పైన ఈకల సందుల్లోంచే ముందునుంచీ తొంగిచూస్తూ ఉంది. ఎక్కడ ఏది అయిపోయిందో వేలు పెట్టి చూపించలేరు.

"నాన్న ఇదే చూసుంటాడు" అన్నాడు మౌనేశ్వరుడు.

"చూసేడో, చెయ్యి పోయిన దారిన పోయేడో" అంది ఆమె.

ఆ తరువాతి పనికి ఒకే కుంచె కావాలి. రంగు ఒక్కటే, తడి ఒక్కటే, కొస ఒక్కటే అయితేనే అతుకు కనపడదు. అందుకని నన్నే ఇద్దరూ తీసుకున్నారు. ఆమె చింతగింజంత ఈక ఒకటి వేసి, అంచు పూర్తి చెయ్యకుండా నన్ను వాడికి ఇచ్చేది. వాడు నన్ను అరచేతి మీద నొక్కి, ఆ అంచులోంచే రెండు మూడు పోగులు కిందికి లాగి ఆమెకు ఇచ్చేవాడు. ఆమె మళ్లీ వాటి మధ్య ఒక చీకటి చుక్క పెట్టేది. తలకు దగ్గర్లో ఆమె పని ఎక్కువ, భుజానికి దగ్గర్లో వాడి పని ఎక్కువ. నడుమ ఎవరి పని ఎంతో నేనే చెప్పలేను, అన్నిటికీ తాకింది నేనే అయినా. ఆమె చెయ్యి చల్లగా ఉండేది, వాడి చెయ్యి వెచ్చగా ఉండేది. పని సాగుతున్నకొద్దీ ఆ తేడా కూడా తెలియకుండా పోయింది. ఆ చెక్క గరుకుకు నా కొస సగం అరిగిపోయింది. దానికి నేనేమీ విచారించలేదు.

మాఘమాసం తీర్థంలో నూకరాజు ఇచ్చిన మాట ప్రకారం మొదట లంక పిల్లల్ని ఎక్కించాడు. వాళ్లలో ఒక పిల్ల గద్దసింహం ఎక్కే ముందు చేతులు జోడించింది. ఎక్కాక దాని మెడ మీద చెయ్యి వేసి పైకీ కిందికీ నిమిరి చూసింది.

"ఇక్కడ ఈకలాండి, బొచ్చాండి?" అని నూకరాజును అడిగింది.

"నువ్వే చెప్పు" అన్నాడు ఆయన.

ఆ పిల్ల రాట్నం తిరుగుతున్నంతసేపూ నిమురుతూనే ఉంది, దిగాక కూడా చెప్పలేకపోయింది. దాంతో వెనక వరసలో ఉన్నవాళ్లందరికీ తేల్చుకోవాలని పట్టుదల వచ్చింది. ఎక్కినవాడల్లా అక్కడే చెయ్యి పెట్టాడు. పందాలు కాసుకున్నారు. కరెంటు రాట్నం పక్కనే గిర్రున తిరుగుతున్నా ఈ బారు తగ్గలేదు. అక్కాతమ్ముళ్లు ఒక జీళ్ల కొట్టు పక్కన నిలబడి ఇదంతా చూశారు. నేను కొప్పులో ఉండి చూశాను. ఎవరో వెనకనుంచి "గడ్డిపులిగారూ" అని పిలిస్తే మౌనేశ్వరుడు తిరిగి "ఆయ్" అన్నాడు.

తీర్థాలు ముగిసేసరికి రెక్కలు అలాగే ఉన్నాయి, ఒళ్లు అలాగే ఉంది. మెడ మాత్రం పిల్లల చేతులకు అరిగి చెక్క బయటపడింది. మరుసటి ఏడాది నూకరాజు దాన్ని మళ్లీ బండెక్కించి తెచ్చాడు. మౌనేశ్వరుడికి కబురు వెళ్లింది. వాడు ఆలస్యంగా కట్టుకున్న భార్యతో సహా వచ్చి, వారం ఉండి, మెడ వేసి వెళ్లాడు. ఆ పైఏడు పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చాడు. అప్పటినుంచి ప్రతి ఏడూ పుష్యమాసం వెళ్లేవేళకు ఆ వాకిట్లో అదే పని. ఇద్దరూ ఆ పిల్లల్ని తిట్టుకుంటారు, చేతులు ఊరుకోవని విసుక్కుంటారు, మెడనొప్పి అంటారు. త్రిపురాంబకు కళ్లజోడు వచ్చింది. నాకు వెంట్రుకలు చాలావరకు రాలిపోయి మొండికొస మిగిలింది. ఇంకే పనికీ నన్ను వాడరు. ఏడాది పొడుగునా కుట్టుమిషను సొరుగులో దారపుకండెల మధ్య పడుకుని, ఆ వారం కోసం ఎదురు చూస్తాను. అరిగిన కొస బొచ్చును ఇంకా బాగా లాగుతుందని మౌనేశ్వరుడు అంటాడు. మర్యాదకు అంటాడో నిజంగానో నాకు తెలియదు.

ఈ ఏడాది పని ముగిసి మెడ ఆరుతుండగా నూకరాజు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆయనా ముసలివాడైపోయాడు. మెడకేసి చూసి, మిగిలిన కాఫీ తాగేసి, ఏదో తట్టినట్టు అడిగాడు.

"మీరు లారీలకి వేస్తారే మౌనేశ్వర్రావుగారూ, వానకీ ఎండకీ పదేళ్లు చెక్కు చెదరదంటారే, ఆ వార్నీషు ఒక్క పూత దీని మెడకి వేసేస్తే పోలేదాండి? ఏటేటా మీకీ తిప్పలు తప్పుతాయి."

లారీ బాడీ కూడా చెక్కే. దానికి పట్టిన వార్నీషు దీనికీ పడుతుంది. ఆ సంగతి షెడ్డులో పని చేసే మౌనేశ్వరుడికి మొదటి ఏడే తెలుసు. కట్టుకున్నవాడు వడ్రంగి కాబట్టి త్రిపురాంబకూ తెలుసు. వాడికి తెలుసని కూడా ఆమెకు తెలుసు. ఇన్నేళ్లలో ఒక్కరోజు ఒక్కరూ ఆ ఊసెత్తలేదు.

మౌనేశ్వరుడు అక్కకేసి చూడలేదు. ఆమె తమ్ముడికేసి చూడలేదు. ఇద్దరి నోటా ఒకేసారి వచ్చింది.

"పట్టదండి."

కోటయ్యాచారి ఉలి పక్కన పెట్టి, మజ్జిగ తెస్తానని లోపలికి వెళ్లిపోయాడు.